కొండ మీద డిస్కు ఆట: మోకాళ్ళు, షుగరు ఉన్నవారు తెలుసుకోవలసినవి



ఈ మధ్య మన ఓ.పి.లో ఒక కొత్త ప్రశ్న వినబడుతున్నది. "సిస్టరమ్మా, అమెరికాలో మా పిల్లోని దగ్గరికి పోతాండాం. సెలవు రోజు వాళ్ళంతా కొండ మీద పళ్ళేలు విసిరే ఆట ఏదో ఆడతారంట. మమ్మల్ని కూడా రమ్మంటాండాడు. మోకాళ్ళ నొప్పులుండాయి, షుగరుండాది. పోవచ్చునా?" అని అడుగుతున్నారు.

పోవచ్చు. ఇంట్లో సోఫా మీద ఆరు నెలలు కూర్చుని రావడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. అయితే ఆ ఆట ఒంటిలో ఏయే భాగాల మీద పని పెడుతుందో తెలుసుకుని పోవాలి. చూడడానికి అది చేతితో ఆడే ఆటలాగా ఉంటుంది గానీ, రెండు మూడు గంటల సేపు మిట్టలెక్కి పల్లాలు దిగడమే అందులో ముప్పాతిక భాగం. పెద్దవాళ్ళకు ఇబ్బంది వచ్చేది ఆ నడకలోనే.

ఆట ఎట్లా ఆడతారు?

దాని పేరు డిస్కు గోల్ఫ్. గోల్ఫ్ ఆటలో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు. ఇందులో బంతికి బదులు ప్లాస్టిక్ డిస్కు, కర్రకు బదులు మన చెయ్యి, గుంతకు బదులు ఇనుప స్తంభానికి బిగించిన బుట్ట. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్కు వచ్చి గొలుసులకు తగిలి, వేగం పోగొట్టుకుని బుట్టలో పడుతుంది. డిస్కు మనం అన్నం తినే పళ్ళెం కంటే చిన్నది. అడ్డం 21 సెంటీమీటర్లకు కొంచెం అటూ ఇటూ, బరువు సుమారు 150 నుండి 180 గ్రాములు. పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీ కంటే అంచు సన్నగా, గట్టిగా ఉంటుంది. మొదట దూరంగా విసరడానికి ఒక రకం, మధ్య దూరానికి ఒక రకం, బుట్ట దగ్గరకు వచ్చాక నెమ్మదిగా వేయడానికి మరొక రకం ఉంటాయి. మొదలు పెట్టే గచ్చు మీద నిలబడి విసరాలి. డిస్కు ఎక్కడ పడితే అక్కడికి నడిచి వెళ్ళి, అక్కడి నుండి మళ్ళీ విసరాలి. ఎన్ని విసుర్లలో బుట్టలో వేశామో అదే మన లెక్క. సాధారణంగా 18 బుట్టలుంటాయి. అన్నీ కలిపి ఎవరి లెక్క తక్కువగా ఉంటే వారు గెలిచినట్టు.

పళ్ళెం విసరడం పాత సరదాయే. 1926లోనే కెనడా దేశంలో బ్లాడ్‌వర్త్ అనే ఊరి బడిపిల్లలు రేకు మూతలను నేల మీద గీసిన వలయాల్లోకి విసిరి ఇట్లాంటి ఆట ఆడారు. ఇప్పుడున్న రూపం తెచ్చినవాడు ఎడ్ హెడ్రిక్ అనే అమెరికా దేశస్థుడు. ఆయన ఫ్రిస్బీలు తయారు చేసే కంపెనీలో పని చేసేవాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు స్థలం ఏర్పాటు చేశాడు. అప్పుడు గురి పెట్టడానికి స్తంభాలే ఉండేవి. గొలుసుల బుట్టకు 1977లో ఆయనకు పేటెంటు వచ్చింది. 2002లో ఆయన చనిపోయినప్పుడు, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేయించారు. వార్డుల్లో ఎందరి కడపటి కోరికలో విన్నాను గానీ ఇట్లాంటిది ఎప్పుడూ వినలేదు.

ఆట స్థలాలు ఎక్కువ భాగం ఊరి పార్కుల్లో ఉంటాయి, చాలాచోట్ల ఉచితం. కొన్ని మాత్రం సొంత భూముల్లో ఉంటాయి. బోస్టన్ వైపు మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడికి దగ్గరలోనే, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెస్టర్ అనే ఊరిలో మేపుల్ హిల్ అని పేరుపొందిన ఆట స్థలం ఉంది. అది క్రిస్మస్ చెట్లు పెంచే తోట. రుసుము కట్టి ఆడాలి. పేరులోనే కొండ ఉన్నట్టు అంతా ఎత్తుపల్లాలు, అడవి, నీటి మడుగులు. పెద్ద పెద్ద పోటీలు కూడా అక్కడ జరుగుతాయి.

సొంత భూమి అన్నప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, యజమాని పెట్టిన నియమాలు పాటించాలి. డిస్కు పక్కవారి కంచె దాటి పడితే అడగకుండా లోపలికి పోకూడదు. రెండోది మన ఆరోగ్యానికి సంబంధించినది. అడవి మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే అంబులెన్సు ఎక్కడికి రావాలో చెప్పగలగాలి. ఇక్కడ 108 ఎట్లాగో అక్కడ 911. కానీ "ఫలానా తోటలో ఉన్నాం" అంటే చాలదు, ఎన్నో నంబరు బుట్ట దగ్గర ఉన్నామో చెప్పాలి. ఆట మొదలుపెట్టే ముందు అక్కడి పటాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోమని పిల్లలకు చెప్పండి. చెట్ల మధ్యకు వెళ్ళాక ఫోను సిగ్నల్ అందుతుందో లేదో కూడా చూసుకోమనండి.

ఎక్కడం కంటే దిగడమే కష్టం

కొండ ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టమనుకుంటాం. ఆయాసం ఊపిరికి, గుండెకు సంబంధించినది. మోకాళ్ళకు మాత్రం దిగడమే కష్టం. బావిలోకి చేద దించేటప్పుడు తాడును ఒక్కసారిగా వదలం కదా, బిగబట్టి కొంచెం కొంచెంగా వదులుతాం. పల్లంలోకి దిగేటప్పుడు మన తొడ ముందు కండరం చేసేది అదే పని. ఒంటి బరువంతా కిందికి జారకుండా బిగబట్టి నెమ్మదిగా వదులుతూ ఉంటుంది. కండరం సాగుతూనే బలం పెట్టాలి. ఆ ఒత్తిడంతా మోకాలి చిప్ప వెనక పడుతుంది. మామూలు మెట్లు దిగేటప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది. 70 కిలోల మనిషి మోకాలు ఒక్కొక్క అడుగుకు రెండు క్వింటాళ్ళకు మించి మోస్తున్నదన్నమాట. అరిగిన మోకాళ్ళున్నవారు "ఎక్కినప్పుడు బాగానే ఉండాది, దిగినాక వాచింది" అనడానికి కారణం ఇదే.

కాబట్టి దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి. మోకాలు నిటారుగా బిగించకుండా కొంచెం వంచి ఉంచండి. వాలు మరీ ఎక్కువగా ఉంటే నేరుగా దిగకుండా అడ్డంగా, ఎద్దుల బండి మలుపు తిరిగినట్టు అటొకసారి ఇటొకసారి దిగండి. చేతికర్ర తీసుకుపోవడానికి సిగ్గుపడవద్దు. అక్కడ పాతికేళ్ళ పిల్లలు కూడా కొండల్లో కర్రలు పట్టుకునే నడుస్తారు. నొప్పి ఒక మోకాలికే ఉంటే కర్రను రెండో వైపు చేతితో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది సరికాదు.

ఆడిన మరునాడు, ఆ తరువాతి రోజు తొడలు పట్టేసినట్టు నొప్పులుంటే కంగారు పడనక్కరలేదు. కొత్తగా పని చేసిన కండరాల నొప్పి అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కున్నట్టు చాపలేకపోయినా, అడుగు వేస్తే మోకాలు తప్పిపోతున్నట్టున్నా డాక్టరుకు చూపించాలి.

అడవి నేల మీద ఎండుటాకుల కింద వేర్లు, రాళ్ళు కనబడవు. చీలమండ బెణికేది ఎక్కువగా అక్కడే. బెణికితే ఆట ఆపి, కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిముషాలు పెట్టండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. సాగే కట్టు కట్టండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, లేదా చీలమండ గుబ్బ ఎముక వెనక అంచున నొక్కినప్పుడు నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. బెణికిన కాలిని వేడి నూనెతో తోమడం, లాగడం, ఏ ఎముక విరిగిందో చూడకుండానే నాటు కట్టు కట్టడం మన ప్రాంతంలో ఉన్న అలవాటు. మొదటి రెండు రోజులు తోమితే వాపు పెరుగుతుందే గానీ తగ్గదు.

షుగరు ఉన్నవారి సంగతి

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే చదివేటట్టయితే ఇది చదవండి.

మన సంఘానికి చెందిన ఒక రిటైర్డ్ టీచరమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళి వచ్చి, మందులకని వచ్చినప్పుడు చెప్పిన సంగతి ఇది. ఆమె పొద్దున గ్లైమిపిరైడ్ మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నారు. అందరితో కలిసి ఆటకు వెళ్ళారు. ఆమె ఆడలేదు, ఊరికే వెంట నడిచారు. పదో పదకొండో బుట్ట దగ్గరకు వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఒళ్ళంతా చెమట. అది చలికాలం మొదలు, చెమట పట్టే కాలం కాదు. కొడుకు పలకరిస్తే సంబంధం లేని మాటలు మాట్లాడారట. ప్రయాణ బడలిక ఇంకా తీరలేదేమో అనుకుని కొడుకు ఒక మొద్దు మీద కూర్చోబెట్టాడు. వెనక వస్తున్న వేరే ఆటగాళ్ళలో ఒకావిడకు కూడా షుగరు ఉందట. ఆవిడ చూడగానే గుర్తుపట్టి తన సంచిలోని తియ్యటి రసం డబ్బా తాగించింది. పది పదిహేను నిముషాల్లో టీచరమ్మ తేరుకున్నారు. "ఆటాడినోళ్ళకే కదమ్మా నీరసం, నాకెందుకొచ్చింది?" అని నన్ను అడిగారు.

ఆమె ఆడలేదు గానీ నడిచింది అంతా ఆమెదే. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను గుంజుకుంటాయి. అది మంచిదే, అందుకే మేము నడవమని చెబుతాం. కానీ గ్లిబెంక్లమైడ్, గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ కూడా అదే సమయంలో చక్కెరను తగ్గిస్తూ ఉంటాయి. రెండూ కలిస్తే చక్కెర 70 కంటే కిందికి పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. మీరు వాడేది ఏ మాత్రో పేరు తెలుసుకోండి. "తెల్ల మాత్ర, పొడుగు మాత్ర" అని చెబితే అమెరికాలోనే కాదు, మన ఓ.పి.లో కూడా పని జరగదు.

ఆటకు బయలుదేరే ముందు ఇంట్లోనే మీటరుతో చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, నాలుగు బిస్కెట్లో తిని, మళ్ళీ చూసుకుని కదలండి. 250 దాటి ఉండి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి. నడక మధ్యలో, అంటే తొమ్మిదో బుట్ట దగ్గర అనుకుందాం, ఆగి కొంచెం తినండి. జేబులో చక్కెర గానీ గ్లూకోజ్ గానీ తప్పక ఉండాలి. కారులో కాదు, జేబులో. చెమట, వణుకు, దడ, ఆకలి, కళ్ళు మసకబారడం, చిరాకు, తడబడే మాట, వీటిలో ఏది కనబడినా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. 15 నిముషాల తరువాత చూసుకుని, ఇంకా 70 కంటే తక్కువ ఉంటే మళ్ళీ అంతే తాగండి. తేరుకున్నాక ఏదైనా తినండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సుకు ఫోను చేయాలి.

అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బి.పి. మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించాలి. ఇన్సులిన్ వేసుకునేవారు ఆ పొద్దు తొడలో గానీ విసిరే చేతికి గానీ వేసుకోకుండా పొట్టకు వేసుకోవాలి. కదిలే అవయవం నుండి మందు తొందరగా రక్తంలోకి పోతుంది. ఇంకొక మాట. ఎక్కువగా నడిచిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. కాబట్టి ఆ రాత్రి భోజనం మానవద్దు, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. విమానం దిగిన మొదటి వారంలో పగలు రాత్రి తారుమారై తిండి వేళ, మందు వేళ ఇంకా కుదురుకోవు. ఆ వారం కొండ వద్దు.

కాళ్ళు మొద్దుబారినవారు చెప్పులతో ఎక్కకూడదు. బూట్లు కూడా కొత్తవి ఆ రోజే వేసుకోకూడదు, రెండు వారాలు ఇంట్లో తిరిగి అలవాటు చేసుకోవాలి. తెల్ల మేజోళ్ళు మంచివి, రక్తం మరక పడితే వెంటనే కనబడుతుంది. ఇంటికి రాగానే పాదాల అడుగులు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేనివారు అద్దం కింద పెట్టి చూసుకోవచ్చు, లేదా కోడలిని చూడమనండి. కోడలు చూస్తే తప్పేమీ లేదు. బొబ్బ ఉంటే చిదమవద్దు. కంటి వెనక పొరలో రక్తస్రావం అయినవారు, అందుకు లేజర్ చేయించుకుంటున్నవారు కంటి డాక్టరు ఒప్పుకునే వరకు విసరవద్దు.

గుండె, చెయ్యి, నడుము

ఎక్కేటప్పుడు పక్కవారితో మాట్లాడగలిగేంత వేగంతోనే నడవండి. ఒక మాట పూర్తిచేయడానికి మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే నిలబడిపోండి. ఛాతీలో బరువు, దవడకు గానీ చేతికి గానీ పాకే నొప్పి వస్తే ఆట అయిపోయినట్టే, వెంటనే సహాయం పిలవాలి. షుగరు ఉన్నవారికి నొప్పి లేకుండా, ఉత్త ఆయాసంతో, చల్లని చెమటతో కూడా గుండెపోటు రావచ్చు. చెమట చక్కెర తగ్గినందుకా, గుండెకా అని అక్కడ వాదించుకోవద్దు. చక్కెర ఇచ్చినా తేరుకోకపోతే అంబులెన్సును పిలవండి. స్టెంటు వేయించుకున్నవారు ప్రయాణానికి ముందే డాక్టరును అడగాలి.

ఇక విసరడం. డిస్కును ఛాతీకి అడ్డంగా వెనక్కు తీసుకుపోయి, నడుము తిప్పి, ముందు కాలి మీద బరువు వేసి విసురుతారు. ప్రతిసారీ ఒకే వైపు మెలిక. 2015లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఈ ఆట ఆడేవారికి ఎక్కువగా దెబ్బతినేవి మోచెయ్యి, భుజం, నడుము, మోకాలు అని తేలింది. పెద్దవాళ్ళు దూరం విసరాలని పోటీపడకుండా, నిలబడిన చోటి నుండే సగం బలంతో విసిరితే చాలు. విసిరేటప్పుడు ముందు పాదం నేలకు అతికినట్టు ఉండిపోతే మెలిక మోకాలి మీద పడుతుంది, మడమ మీద పాదాన్ని తిరగనివ్వండి. షుగరు ఉన్నవారికి భుజం బిగుసుకుపోయే జబ్బు మిగతావారి కంటే ఎక్కువగా వస్తుంది. జడ వేసుకోవడానికి, వెనక జేబులో చెయ్యి పెట్టడానికి కష్టమైనవారు విసరడం మాని, లెక్కలు రాసే పని తీసుకోండి. ఆ పనికి మనిషి ఎప్పుడూ కావలసిందే.

విసిరేవారి ముందు గానీ పక్కన గానీ నిలబడవద్దు, వెనక నిలబడండి. బాగా ఆడేవాడు విసిరితే డిస్కు గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటుతుంది. "ఫోర్!" అని అరుపు వినబడితే పైకి చూడకుండా, తల చేతులతో కప్పుకుని వంగండి.

పొదల్లో ఉండేవి

మసాచుసెట్స్ లాంటి ఈశాన్య రాష్ట్రాల గడ్డిలో, పొదల్లో పిడుదు పురుగులుంటాయి. మన గొడ్లకు పట్టేలాంటివే, కానీ నువ్వుగింజంత చిన్నవి. అవి కుట్టి లైమ్ అనే జబ్బు తెస్తాయి. 1970లలో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి దగ్గర దీన్ని గుర్తించారు కాబట్టి ఆ పేరు వచ్చింది. పొడుగు ప్యాంటు వేసి అంచులు మేజోళ్ళలో దోపుకోండి. చీరతో వెళ్ళే అమ్మలకు నా సలహా, ఆ ఒక్క రోజుకు ప్యాంటు గానీ పంజాబీ డ్రస్సు గానీ వేసుకోండి. చీర కుచ్చెళ్ళు వేర్లకు తగులుకుంటాయి కూడా. ఇంటికి వచ్చి స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనక, జుట్టులో వెతకండి. పురుగు ఉంటే సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, నిప్పుతో కాల్చడం వద్దు. తరువాత నెల రోజుల్లోపు జ్వరం గానీ, చుట్టూ వలయంలా పెరిగే ఎర్ర మచ్చ గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. ఈలోపు ఇండియాకు తిరిగివచ్చేసి ఉంటే, అక్కడి అడవిలో తిరిగామని మాకు తప్పక చెప్పండి. లేకపోతే మేము మలేరియాకు, టైఫాయిడ్‌కు, డెంగీకి రక్తం పరీక్షిస్తాం గానీ లైమ్ మా తలపుకు రాదు. మూడేసి ఆకులుండే ఒక తీగ కూడా అక్కడ ఉంటుంది. తగిలితే దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. డిస్కు అందులో పడితే పిల్లలనే తీయమనండి.

ప్రయాణానికి ముందు ఆరు వారాలు

కోడుమూరులో కొండ లేదని దిగులు పడనక్కరలేదు. రోజూ తెల్లవారి ఎండ ముదరకముందే అరగంట నడవండి. వారానికి రెండు రోజులు హంద్రి ఒడ్డున ఎత్తుపల్లాలున్న చోట నడిస్తే పాదాలకు అలవాటు పడుతుంది. మిద్దె మెట్లు రెయిలింగు పట్టుకుని నిదానంగా దిగండి, మొదటి వారం ఐదు సార్లు, తరువాత పది. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేవడం, నెమ్మదిగా కూర్చోవడం పూటకు పదిసార్లు చేయండి. తొడ కండరానికి ఇంతకు మించిన మందు మా ఫార్మసీలో లేదు. గోడకు దగ్గరగా నిలబడి ఒంటికాలి మీద పది లెక్కపెట్టేంత సేపు ఉండటం నేర్చుకోండి. వీలైన ఒక ఆదివారం సాయంత్రం మనవళ్ళతో ఓర్వకల్లు రాళ్ళ వనానికి వెళ్ళి ఒక గంట ఎక్కి దిగి చూడండి. అక్కడ మోకాలు ఏమి చెబుతుందో మేపుల్ హిల్‌లో కూడా అదే చెబుతుంది.

ఆట కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. శనగ కోసిన చేనులో, యజమానిని అడిగి, ఒక గంపను రాయి మీద నిలబెట్టి పిల్లల ఫ్రిస్బీతో ఇరవై అడుగుల నుండి వేయండి. పొదల దగ్గర మాత్రం చెయ్యి పెట్టవద్దు. మన నేల మీద రక్తపింజర, కట్లపాము రెండూ ఉన్నాయి, కర్రతో కదిలించి చూసి తీయండి. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తరువాతే ఆడాలి. డాలస్ వైపు వెళ్ళేవారికి కూడా ఇదే మాట, అక్కడి జూలై, ఆగస్టు ఎండ మన ఎండకు తీసిపోదు. నీళ్ళు దాహం వేయకముందే తాగండి. బి.పి.కి ఎక్కువగా మూత్రం పోయే మాత్రలు వాడేవారు, గుండె నీరసంతో నీళ్ళు తగ్గించమని చెప్పబడినవారు ఎంత తాగాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ప్రయాణానికి నెల రోజుల ముందు ఓ.పి.కి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా, షుగరు మీటరు, అక్కడ వేసుకోబోయే బూట్లు తీసుకురండి. పాదాల స్పర్శ పరీక్ష చేస్తాం, మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన చీటీ రెండు కాపీలు ఇప్పిస్తాం. ఒకటి మీ సంచిలో, ఒకటి మీ అబ్బాయి దగ్గర ఉండాలి.